వేసవి గ్యాప్ తర్వాత ఇండోర్ సైకిల్ రేసులకి తిరిగొచ్చే మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకి

మార్చిలో వదిలేసిన ఎఫ్‌టీపీ నంబర్‌నే (దాదాపు గంటసేపు నిలబెట్టి తొక్కగలిగే పవర్, వాట్లలో) పట్టుకోని ఇప్పుడు రేస్‌లోకి దిగమని కుర్రాళ్లకి చెప్పే సీనియర్లందరికీ ఒకటే మాట, దయచేసి ఆపండి. ప్రతి ఏడూ ఇదే జరగతా ఉండాది. ఎండాకాలం అంతా ట్రైనర్‌ని (సైకిల్ బిగించి గదిలోనే తొక్కుతా, యాప్‌లో రేస్ చేసే యంత్రం) మూలన పెట్టిన పిల్లోడు ఉత్సాహంగా వస్తాడు, పాత కేటగిరీలోనే (కేజీ బరువుకి ఎన్ని వాట్లని చూసి వేసే గ్రూపు) దిగరా ఏం కాదు అని మనోళ్లు ఎగేస్తారు, రేస్ మొదలైన అయిదో నిమిషానికి గుంపు వాణ్ణి వదిలేసి పోతాది, ఇంక నావల్ల కాదన్నా అని వాడు వెళ్లిపోతాడు, తర్వాత ఆ ట్రైనర్ మీద ఇంట్లో బట్టలు ఆరేస్తారు. ఇది వాడి చేతగానితనం కాదు. వాడికి మనం ఇచ్చిన లెక్క తప్పు.

ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. ఇండోర్ రేసింగ్ సీజన్ అంతా ఐరోపా, అమెరికా చలికాలం చుట్టూ కట్టింది. పెద్ద లీగులు సెప్టెంబర్, అక్టోబర్ అట్టా మొదలై మార్చి, ఏప్రిల్ దాకా నడుస్తాయి. వాళ్లకి సమ్మర్ బ్రేక్ అంటే ట్రైనర్‌కి బ్రేక్, కాళ్లకి కాదు. జూన్, జులైలో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటాది, బయట కొండలూ గుట్టలూ తొక్కి తొక్కి ఏడాది మొత్తంలో మంచి ఫామ్‌లో ఉన్నప్పుడు లోపలికి వస్తారు. మనకో? రోహిణి కార్తె ఎండలో పొదలకూరు రోడ్డు మీద సైకిలెక్కేదెవరు? జూన్ వస్తే అందరికీ తొలకరి, మనకి అప్పుడూ వడగాలే, నైరుతి మనకి ఇచ్చేది అంతంత మాత్రం. బయట తొక్కలేం, గదిలో తొక్కితే ఊపిరాడదు. ట్రైనర్‌కీ బ్రేకే, కాళ్లకీ బ్రేకే. వాళ్లు ఫామ్‌లో తిరిగొస్తారు, మనం సున్నా నుంచి తిరిగొస్తాం, ఇద్దరం ఒకే గేట్ దగ్గర నిలబడతాం. మరి వాళ్ల ట్రైనింగ్ ప్లాన్ మనకెట్టా సరిపోతాది చెప్పండి.

ఇంకొక మోసం ఉంది ఇందులో, ఇది మాత్రం అందరూ తెలుసుకోవాలి. గ్యాప్‌లో ఒంట్లో అన్నీ ఒకే స్పీడులో తగ్గవు. మొదట తగ్గేది రక్తంలో ఉండే ప్లాస్మా, రెండు మూడు వారాలు తొక్కకపోతేనే తేడా వచ్చేస్తాది, గుండె ఒక్కో కొట్టుడుకి పంపే రక్తం తగ్గుతాది, అందుకే అదే పవర్‌కి హార్ట్ రేట్ పైకి పోతాది. కండలో ఉండే పేలుడు బలం మాత్రం చాలా రోజులు ఉంటాది. అందుకని తిరిగొచ్చిన మొదటి రోజు పది సెకన్ల స్ప్రింట్ కొడితే పాత నంబరే కనపడతాది, అబ్బా నాకేం తగ్గలా అనుకుంటాడు. ఇరవై నిమిషాలు తొక్కమనండి, అప్పుడు తెలుస్తాది. ఇండోర్ రేస్‌లో స్టార్టే భయంకరం, మొదటి రెండు మూడు నిమిషాలు అందరూ ఊపిరి బిగబట్టి తొక్కుతారు, ఆ స్ప్రింట్ బలంతో దాన్ని దాటేస్తాడు, ఆ తర్వాత నిలబెట్టే సత్తా లేక కూలిపోతాడు. కాబట్టి స్ప్రింట్ చూసి కాదు, ఇరవై నిమిషాలది చూసి కేటగిరీ తేల్చండి.

ఇంక వేడి. ట్రైనర్ ఏ కంపెనీది, ఎంత యాక్యురసీ అని గంటలు గంటలు మాట్లాడతారు గానీ ఫ్యాన్ గురించి అడిగేవాడే లేడు. మనిషి ఒళ్లు పెడల్ మీదకి పంపేది తిన్న శక్తిలో నాలుగో వంతు లోపే, మిగతాదంతా వేడి. 200 వాట్లు తొక్కతా ఉంటే ఒంట్లో 600, 700 వాట్ల వేడి పుడతాదని అర్థం, అంటే గదిలో చిన్న రూమ్ హీటర్ పెట్టుకోని దాని పక్కనే తొక్కినట్టు. రోడ్డు మీద 30 స్పీడులో పోతా ఉంటే గాలి ఆ వేడిని ఎత్తుకుపోతాది. గదిలో ఆ గాలి లేదు. పైగా మనది సముద్రం ఊరు, చెమట కారుతాది గానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, చాప తడవడం తప్ప ప్రయోజనం ఉండదు. సీలింగ్ ఫ్యాన్ కాదు, పెళ్లి షామియానాల్లో పెడతారే ఆ పెద్ద పెడస్టల్ ఫ్యాన్, ఎదురుగా ఛాతీకి తగిలేట్టు ఒకటి, వీలైతే వెనకాల ఇంకోటి. దాని తర్వాతే మిగతా గ్యాడ్జెట్లు. ఒంటికి వేడి అలవాటవటానికి కూడా పది పదిహేను రోజులు కావాలి, ఆ లోపల రేస్ పెట్టుకోవద్దు, మెల్లగా తొక్కుకోండి. తాగేది మజ్జిగలో ఉప్పేసుకోండి. కొబ్బరి నీళ్లు మంచియే గానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో ఎక్కువ పోయేది సోడియమే, కాబట్టి దాంట్లోనూ చిటికెడు ఉప్పు పడాల్సిందే.

బరువు సంగతి చెప్తే కోపాలొస్తాయి, అయినా చెప్తా. ఎండాకాలం అంటే మామిడి పళ్లు, పెళ్లిళ్లు, మధ్యాన్నం నిద్ర, మనిషి నాలుగు కేజీలు పెరగడం మామూలే, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. యాప్‌లో మాత్రం పాత బరువే ఉంచేస్తారు. 170 వాట్లు తొక్కేవాడు 66 కేజీలైతే కేజీకి 2.58, అదే 70 అయితే 2.43. జ్విఫ్ట్ అనే రేసింగ్ యాప్ పాత లెక్కలో 2.5 దాటితే సీ కేటగిరీ, లోపలుంటే దానికి కిందిది, డీ. అంటే బరువు మార్చకపోవటం వల్ల వాడు తనకి అందని కేటగిరీలో పడి నలిగిపోతాడు, మళ్లీ గుట్ట ఎక్కుడు వచ్చినప్పుడు లేని తేలికతో పక్కనోణ్ణి అన్యాయంగా దాటతాడు. రెండూ తప్పే. కాటా ఎక్కండి, ఉన్నది ఉన్నట్టు కొట్టండి, అప్పుడు రేస్ మొదలుపెట్టండి.

కింది కేటగిరీలో దిగితే పరువు పోతాదా? నాకైతే అసలు రేసింగ్ నేర్పించేది అదే అనిపిస్తాది. గుంపు నుంచి తెగిపోయి ఒంటరిగా ముప్పావు గంట తొక్కేవాడికి డ్రాఫ్ట్ (ముందున్నోడి వెనక నక్కి తక్కువ కష్టంతో తొక్కటం) అంటే ఏందో తెలీదు, పవర్-అప్ (యాప్ కాసేపు ఇచ్చే అదనపు సాయం) ఎప్పుడు వాడాలో తెలీదు, ఎక్కుడు మొదలవకముందే ముందుకి జరిగి పెట్టుకోవాలని తెలీదు. గుంపులో ఉన్నోడికే అవన్నీ వస్తాయి. గుంపులో ఉండగలిగే చోట దిగమనే నేను చెప్పేది. కాళ్లొచ్చాక ఎట్టాగూ సిస్టమే పైకి తోస్తాది.

టైమ్ గురించి కూడా. ఇంగ్లండ్‌లో సాయంత్రం ఏడింటి రేస్ చలికాలంలో మనకి రాత్రి పన్నెండున్నర. జపాన్ వాళ్ల సాయంత్రం ఏడు మనకి మధ్యాన్నం మూడున్నర, ఆఫీస్ టైమ్. మనం ఇంటికొచ్చి ఏడింటికి ఎక్కితే అప్పుడు ఐరోపాలో అందరూ పనిలో ఉంటారు, జనం పల్చగా ఉంటారు. మనోళ్లు అర్ధరాత్రి రేసులకి అలవాటు పడి నిద్ర చెడగొట్టుకుంటున్నారు, నాకు బాధేస్తాది. తెల్లారుజామున అయిదున్నర చూడండి, డిసెంబర్‌లో అది న్యూయార్క్‌లో ముందురోజు సాయంత్రం ఏడు, అమెరికా జనం మొత్తం అప్పుడే ఎక్కతారు. మనకేమో రోజు మొత్తంలో చల్లగా ఉండే టైమ్ అదే.

ఇదంతా ఎందుకు, ఇది నిజం సైకిలేనా, యాడికీ పోని సైకిలు అనే పెద్దలకి కూడా చెప్పాలి. 2020 డిసెంబర్‌లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) మొదటిసారి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టినప్పుడు గెలిచిన జర్మన్ జేసన్ ఆస్బోర్న్ అసలు పడవ నడిపేవాడు, మరుసటేడు టోక్యో ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో వెండి పతకం తెచ్చుకున్నాడు. ఆస్ట్రేలియా వాడు జే వైన్ జ్విఫ్ట్ అకాడమీ అనే పోటీ గెలిచి ప్రొఫెషనల్ టీమ్‌లోకి పోయి 2022లో స్పెయిన్‌లో జరిగే పెద్ద రోడ్ రేస్ వుయెల్టాలో రెండు స్టేజీలు గెలిచాడు. మన జిల్లాల్లో రోడ్ రేసులు ఎన్ని జరగతాయో మీకు తెలీనిది కాదు. కృష్ణపట్నం పోర్టు లారీలు, చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద తెల్లారకముందే కూతుర్ని సైకిల్ మీద ఒంటరిగా పంపే అమ్మానాన్నలు ఎంతమంది? అదే పిల్ల ఒంగోల్లో తన గదిలో కూర్చోని అయిదున్నరకి ముప్పై దేశాల వాళ్లతో రేస్ చెయ్యొచ్చు. దాన్ని ఆటలు అని తీసేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతాది.

పైగా మన అసలు సీజన్ ఇప్పుడే మొదలు. నెల్లూరుకి ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే పడతాది, 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయినాయి, తుఫాన్ వారాల్లో మైపాడు దాకా తొక్కి రావటం కలలో మాట. ఆ మూడు నెలలూ ట్రైనరే దిక్కు. రూటర్, ట్రైనర్, ఫ్యాన్ మూడూ ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించుకోండి, గాలివానకి కరెంట్ పోతే రేస్ మధ్యలో కట్ అయిపోతాది. తొక్కినాక హ్యాండిల్‌బార్, స్టెమ్ బోల్టులు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, చెమట ఉప్పుకి సముద్రపు గాలి తోడైతే తుప్పు చాలా తొందరగా ఎక్కుతాది. జ్విఫ్ట్ నెలకి 19.99 డాలర్లు అంటే చదువుకునే పిల్లోళ్లకి భారమే, వాళ్లు మైవూష్ అనే ఇంకో యాప్‌లో తొక్కండి, అది ఫ్రీ, 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్ దాంట్లోనే జరిగింది, ఆస్బోర్న్ మళ్లీ గెలిచింది కూడా అక్కడే.

వచ్చే ఆదివారం తెల్లారి అయిదున్నరకి నేను ఎక్కతా ఉండా, ఇరవై కిలోమీటర్ల లోపు ఫ్లాట్ రేస్ చూసి లింక్ పెడతా. కొత్తగా ఎఫ్‌టీపీ తీసుకున్నోళ్లు, బరువు మార్చుకున్నోళ్లు పేరు చెప్పండి, డీలో దిగేవాళ్లతో నేనూ డీ స్పీడులోనే ఉంటా, ఎవర్నీ వెనక వదిలిపెట్టం.