లైట్ తీసుకోలేని సంగతులు

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సర్వసభ్య సమావేశం సెల్లార్‌లో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, చాయ్. మొదటి అంశం లిఫ్టు మెయింటెనెన్స్ కాంట్రాక్టు. ఏడాదికి లక్ష దాటే ఖర్చు, పైగా పిల్లాజెల్లా అందరూ ఎక్కి దిగే లిఫ్టు. సెక్రటరీ గారు కాగితం చదివారు, అందరం "సరే సార్" అన్నాం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండో అంశం గేటుకు ఏ రంగు వెయ్యాలన్నది. నలుపు అశుభమన్నారు మూడో అంతస్తు పెద్దాయన. నీలమైతే పోలీస్ స్టేషన్‌లా ఉంటుందన్నారు ఇంకొకరు. గోధుమరంగైతే మురికి కనబడదని ఒకావిడ అంటే, అంటే మురికి అలాగే ఉంచుదామనా అని ఇంకో ఆవిడ. గంటన్నర గడిచాక పాత రంగే మళ్లీ వెయ్యాలని తీర్మానించాం. ఇద్దరికి ఇప్పటికీ మాటల్లేవు. ముదురాకుపచ్చ కోసం నేనూ ఓ పావుగంట గొంతు చించుకున్నానని ఒప్పుకోవాలి.

దీన్ని 1957లోనే పార్కిన్సన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు పట్టుకున్నాడు. ఆయన ఊహించిన కమిటీ ముందుకు అణు రియాక్టర్ వస్తే నిమిషాల్లో ఆమోదం పొందుతుంది, సైకిల్ షెడ్డు వస్తే చర్చ తెగదు. రియాక్టర్ ఎవరికీ తెలియదు కాబట్టి నోరెత్తరు. షెడ్డు గురించి అందరికీ తెలుసు, కాబట్టి ఎవరూ నోరు మూయరు. బాగానే ఉంది. కానీ మనం అంతసేపు ఎందుకు మాట్లాడతామో మాత్రమే ఇది చెబుతుంది. ఒక్క అంగుళం కూడా ఎందుకు కదలమో చెప్పదు.

కదలకపోవడం గురించి నాకు స్వానుభవం ఉంది. నా జబ్బు 'థ' ఒత్తు. పెళ్లి పత్రికలో "ప్రార్ధన" అని కనబడితే ముహూర్తం చదవను, ఆ అక్షరం దగ్గరే ఆగిపోతాను. ఎన్నికలొస్తే నగరమంతా "అభ్యర్ధులు", పరీక్షలొస్తే "విద్యార్ధులు". అన్నిటికన్నా బాధ పెట్టేది "అర్ధమైందా?" అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. వాట్సాప్‌లో మా మేనేజర్ పొద్దున్నే "అర్ధమైందా" అని పెడితే, సగమే అయింది సార్ అని రాయాలనిపిస్తుంది. ఉద్యోగం గుర్తొచ్చి బొటనవేలు గుర్తు పెడతాను.

ఇంతా చేసి ఈ రెండక్షరాలకూ తేడా కడుపులో ఒక్క చుక్క. 'థ'లో ఉంటుంది, 'ధ'లో ఉండదు. చేతిరాతలో ఆ చుక్క ఎప్పుడో ఎగిరిపోయింది. నోట్లోనూ లేదు. "అర్తం కాలే" అనే మా నాయనమ్మకు ఊళ్లో ఎవరి భూమి హద్దు ఎక్కడో, ఎవరి మాటకు ఏ భావమో నాకన్నా బాగా తెలుసు. ఆమె ఉచ్చారణను నేనెన్నడూ దిద్దలేదు. మరి ఫ్లెక్సీ రాసిన కుర్రాడి మీద అంత మంట ఎందుకు? నిజం చెప్పాలంటే ఆ చుక్క కోసం ఏడో తరగతిలో తెలుగు మాస్టారి చేత దెబ్బలు తిన్నాను. తినని వాళ్లు హాయిగా బతికేస్తుంటే ఓర్వలేకపోతున్నాను. భాషాభిమానం అనేది దానికి నేను పెట్టుకున్న గౌరవప్రదమైన పేరు.

ఇలా తవ్వుకుంటూ పోతే చాలా పట్టుదలల అడుగున ఇలాంటిదేదో తగులుతుంది. మా ఆవిడది కాకినాడ వైపు, మాది నల్గొండ. పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నది మా ఇంట్లో 19 ఏళ్ల నాటి కేసు, వాయిదాల మీద నడుస్తోంది. ఆవిడ ఆనపకాయ అంటుంది, నేను సొరకాయ అంటాను. రైతుబజార్‌లో ఆవిడ ఆనపకాయ అని అడిగితే వెనకనుంచి నేను సొరకాయ అని దిద్దడం, తూచే ఆమె మా ఇద్దర్నీ ఎగాదిగా చూడటం ప్రతి ఆదివారం జరిగేదే. బెల్లం రుచి మీద మా ఇద్దరికీ నిజంగా అంత పట్టింపు ఉందా అంటే లేదు. బయట చారులో ఏం వేసినా తాగేస్తాం. ఇంట్లో వేస్తే మాత్రం అది అత్తగారి వంట అవుతుంది, లేదా అమ్మ వంట కాకుండా పోతుంది.

హైదరాబాద్ నిండా ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లమే. ఊళ్లో ఇల్లు తాళం పడింది, పొలం కౌలుకు పోయింది, పిల్లలకు మన యాస రాలేదు. ఆఫీసులో మేనేజర్ మాట చెల్లుతుంది, ఇంట్లో ఈఎంఐ మాట చెల్లుతుంది. మన మాట చెల్లేది చారు గిన్నె దగ్గరే. అక్కడ కూడా తగ్గమంటే ఎట్లా? బిర్యానీలో ఆలుగడ్డ కనబడితే పాతబస్తీ మనిషి ముఖం చిట్లిస్తాడు. 1856లో ఇంగ్లిషువాళ్లు లక్నో రాజధానిగా ఉన్న అవధ్ రాజ్యాన్ని కలిపేసుకుంటే కలకత్తా చేరిన నవాబు వాజిద్ అలీ షా వంటింటితో ముడిపెట్టి, ఆ ఆలుగడ్డకు బెంగాలీలు ఒక రాజ్యం పోయిన కథ చెబుతారు. మా ఆఫీసులోని బెంగాలీ మిత్రుడు ఆలుగడ్డ లేని బిర్యానీని చూసే చూపులో ఆ దిగులంతా ఉంటుంది. అతన్ని ఒప్పించే ప్రయత్నం నేను మానేశాను. ఇక "వెజ్ బిర్యానీ" మాటెత్తితే మాత్రం, క్షమించాలి, అది పులావే.

ఇక్కడిదాకా నాకు ఏ ఫిర్యాదూ లేదు. బెల్లం మీద కొట్టుకుంటే ఎవరికీ ఏమీ పోదు, అందుకే ఎంతైనా కొట్టుకోవచ్చు. నా అభ్యంతరమల్లా ఈ ఊళ్లో చిన్నదేదో పెద్దదేదో వేరుచేసే జల్లెడ మీద. ఎవరేం చెప్పినా "లైట్ తీస్కో భాయ్" అనేది ఇక్కడి మూలమంత్రం. సరిగ్గా తీసుకోకూడని వాటినే లైట్ తీసుకుంటున్నాం.

ఏసీ గొడవ చూడండి. మే నెలలో, బయట మాడిపోతుంటే, మాదాపూర్ ఆఫీసుల్లో అమ్మాయిలు శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. చలిగా ఉందంటే "మీకెప్పుడూ ఇదే గోల" అని నవ్వుతారు. పనిచేసే చోట ఎంత చల్లదనం హాయిగా ఉంటుందో లెక్కగట్టే కొలమానం 1960ల నాటిది. అది సుమారు 40 ఏళ్ల, 70 కిలోల మగవాడి శరీరాన్ని ప్రమాణంగా తీసుకుందనీ, ఆడవాళ్ల శరీరంలో పుట్టే వేడిని 35 శాతం దాకా ఎక్కువగా అంచనా వెయ్యవచ్చనీ 2015లో డచ్ పరిశోధకులు తేల్చారు. అంటే ఆ అమ్మాయి గొణుగుడు గొణుగుడు కాదు, లెక్కలో దొర్లిన తప్పు. మన దేశంలో 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నియమం వచ్చింది. మా ఆఫీసులో రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే నియమం.

హారన్ కూడా అంతే. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. రాత్రి 10 దాటితే నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్ మించకూడదు. అర్ధరాత్రి బరాత్‌లో డీజే ఆపమని అడిగినవాడు మాత్రం సంతోషం చూడలేని ముసలాడు. (ఈ అర్ధరాత్రిలో 'ధ' సరైనదే, గమనించగలరు.) మెట్రోలో పక్కనాయన స్పీకర్ పెట్టి రీల్స్ చూస్తుంటే, అమీర్‌పేటలో దిగేవాళ్లను తోసుకుంటూ ఎక్కేస్తుంటే, అడగబోయినవాణ్ణి "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అని కూర్చోబెడతారు. కొందరికి ఎదుటివాళ్లు నమిలే చప్పుడో, పెన్ను టిక్కుటిక్కుమనడమో విన్నా ఒళ్లు మండిపోతుంది. దానికి 2001లో జాస్ట్రెబాఫ్ అనే పరిశోధక దంపతులు మిసోఫోనియా అని పేరు పెట్టారు. పేరు పెట్టేదాకా అదీ చాదస్తమే.

బెల్లం దగ్గర నా మాట నెగ్గకపోతే నా అహం తగ్గుతుంది, అంతే. హారన్ దగ్గర అవతలివాడి నిద్ర పోతుంది. మనం మొదటిదానికి పంచాయితీ పెట్టి, రెండోదానికి భుజాలెగరేస్తాం. రెండోదానికి కాస్త ధైర్యం కావాలి, తెలియనివాణ్ణి నిలబెట్టి అడగాలి. మొదటిదానికి పెళ్లాం చాలు.

మొన్న బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తే లిఫ్టు పక్కన సెక్రటరీ గారి నోటీసు అంటించి ఉంది. మొదటి మాటే "ప్రార్ధన". నా జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది. అటూ ఇటూ చూసి చుక్క పెట్టాను. అప్పుడు కనబడింది, నాకంటే ముందే ఎవరో ఎర్ర సిరాతో "నీళ్ళు"ని కొట్టేసి "నీళ్లు" అని దిద్దారు. రెండూ సరైనవేనని ఆ మనిషికి ఎవరైనా చెప్పాలి. ఎవరై ఉంటారా అని నాలుగో అంతస్తు దాకా ఆలోచిస్తూ వెళ్లాను.

"కింద ఏదో నోటీసు పెట్టారట, ఏముందండీ?" అంది మా ఆవిడ.

"తప్పులున్నాయి" అన్నాను.

మర్నాడు పొద్దున ముఖాన సబ్బు రుద్దుకుని కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ట్యాంకు కడుగుతున్నారట, సాయంత్రం 4 దాకా నీళ్లు రావట.