కరెంటు మీటరు వైపు చూడకండి

లేజర్ పుంజాన్ని, అంటే వెలుగు ధారని, బలపరిచే కార్బన్ డయాక్సైడ్ ఆంప్లిఫయర్ల సామర్థ్యం, అంటే తిన్న కరెంటులో వెలుగుగా తిరిగిచ్చే పాలు, పెంచాలని ఇంజనీర్లు దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. అనవసరపు శ్రమ. లెక్క ఎక్కడ మొదలెట్టాలో తెలిస్తే సామర్థ్యం దానంతటదే పెరుగుతుంది.

ఈ లేజర్‌ని 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ గారు. ఇప్పుడు దాని గొట్టంలో జరిగేదేమిటంటే, ఎలక్ట్రాన్లు వెళ్లి నైట్రోజన్‌ని గుద్దుతాయి, నైట్రోజన్ ఆ శక్తిని భద్రంగా మోసుకొచ్చి కార్బన్ డయాక్సైడ్ చేతిలో పెడుతుంది, అది 10.6 మైక్రాన్ల వెలుగొకటి విసిరి శక్తి తగ్గి కింది మెట్టు మీద చతికిలబడుతుంది. అది లేవకపోతే పైనున్నవాటికి దిగే చోటుండదు కాబట్టి హీలియం వచ్చి దాన్ని లేపి, వేడిని గోడల దాకా మోయాలి. చాలా గొట్టాల్లో సగానికి పైగా ఉండేది ఈ హీలియమే. బోర్డు మీద పేరు మాత్రం కార్బన్ డయాక్సైడ్‌ది! ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ మెట్లు దిగడంలోనే నూటికి సుమారు అరవై పాళ్లు వేడి కింద పోతాయి. మీటరు నుంచి లెక్కేస్తే చేతికందేది మామూలుగా 10 నుంచి 20 శాతం. గ్యాస్ తిప్పే బ్లోయరూ, దాన్ని చల్లబరిచే యంత్రమూ పక్కింటివాళ్లవనుకుంటే ఈ అంకె ముచ్చటగా లేస్తుంది.

నిజమైన ఉపాయాలూ లేకపోలేదు. పుంజాన్ని గ్యాస్ నిండా పరిచి రెండు మూడుసార్లు తిప్పి పంపొచ్చు, చిన్న పల్స్ అయితే కాస్త కాస్త తేడా ఉన్న నాలుగైదు తరంగదైర్ఘ్యాల్లో ఒకేసారి పంపి ఎక్కువ శక్తి పిండుకోవచ్చు. కానీ వీటికి పనిచేయాలి.

చిప్‌లు ముద్రించే ఏఎస్‌ఎమ్‌ఎల్ కంపెనీ యంత్రాలే చూడండి, వాటిలో ఉండేదీ ఈ లేజరే. ట్రంఫ్ కంపెనీ ఆంప్లిఫయర్లు కొన్ని వాట్ల పుంజాన్ని పదుల కిలోవాట్లకు పెంచుతాయి, అది సెకనుకు 50,000 తగరం బొట్లను ఒక్కోదాన్ని రెండేసి సార్లు కొడుతుంది, మొదటి దెబ్బకి బొట్టు అప్పచ్చిలా పరుచుకుంటుంది, రెండో దెబ్బకి ప్లాస్మా అయిపోతుంది. అందులోంచి చిప్ ముద్రణకు పనికొచ్చే 13.5 నానోమీటర్ల వెలుగు, కొట్టిన లేజర్ శక్తిలో ఐదారు శాతం. దారిలో ఒక్కో అద్దం దాదాపు మూడో వంతు మింగేస్తుంది, పది అద్దాలు దాటేసరికి అందులోనూ మూడు శాతం మిగలడం కష్టం.

అలా తయారైన చిప్‌ని ఫోన్‌లో పెట్టి, పెట్టె మీద ‘తక్కువ కరెంటుతో నడిచే ప్రాసెసర్’ అని వేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. వాళ్ల లెక్క ఛార్జర్ దగ్గర మొదలవుతుంది.