సవరణ: ఆ సూపర్ బౌల్ జరిగింది 2017లో

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (NFL) ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో, ఫాల్కన్స్‌పై పేట్రియట్స్ జట్టు 3–28తో వెనకబడి కూడా గెలిచిన మ్యాచ్‌ను మొన్నటి పోస్టులో '2016 ఫైనల్' అన్నాను. సీజన్ 2016దే గానీ, మ్యాచ్ జరిగింది 2017 ఫిబ్రవరి 5న, హ్యూస్టన్‌లో. 34–28 స్కోరు సరైనదే. ఆఖరి టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోరు) మాత్రం పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) టామ్ బ్రేడీది కాదు, అతని సహచరుడు జేమ్స్ వైట్‌ది. ఆ రోజు వైట్ 14 పాస్‌లు అందుకుని, ఒక్కడే 20 పాయింట్లు తెచ్చాడు. అయినా ఉత్తమ ఆటగాడి అవార్డు బ్రేడీకే! (బ్రేడీ అభిమానినే, కానీ అది వైట్‌కి దక్కాల్సింది.)

ఇంకోటి. అదనపు సమయంలో ఫాల్కన్స్ క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ ర్యాన్ చేతులెత్తేశాడనడం అన్యాయం. బంతి ముందుగా పేట్రియట్స్‌కి దక్కింది, వాళ్లు టచ్‌డౌన్ కొట్టగానే అప్పటి నిబంధన ప్రకారం ఆట అయిపోయింది. ర్యాన్‌కి అవకాశమే రాలేదు. ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లకి) ఆ నిబంధనను 2022లో మార్చారు.