వాకింగ్‌కి కూడా మాల వెయ్యాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి పట్టుదల లేదనీ, జనవరి ఒకటిన అనుకున్నది పదిహేనో తారీకుకి మర్చిపోతారనీ ఒక అపవాదు ఉంది. దీన్ని తీవ్రంగా ఖండించాలి. పదిహేను దాకా ఆగేదెవరు? పదో తారీకుకే వీధి వీధంతా అరిసెల పాకం వాసన. ఆ వెనకే భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ వరసగా వచ్చి గుమ్మంలో కూర్చుంటాయి. కొత్తల్లుడు దిగిన ఇంట్లో అయితే మరో నాలుగు రోజులు అదనం. "ఇయ్యేడు తీపి ముట్టను" అని ఒట్టేసుకున్న మనిషిని రెండు వారాలు తిరక్కుండా అరిసెల పళ్లెం ముందు కూర్చోబెట్టడాన్ని పరీక్ష అనరు, కుట్ర అంటారు. 1582లో ఈ క్యాలెండర్‌ని లోకం మీదికి వదిలిన పోపు గ్రెగరీ గారికి మన బెల్లం సంగతి తెలిసుంటే ఏడాదిని ముక్కనుమ మర్నాడు మొదలుపెట్టి ఉండేవారు.

కాబట్టి తప్పు తారీకుది. మనుషుల పట్టుదలకి రుజువులు కావాలంటే కావలసినన్ని ఉన్నాయి. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరగాలి. అరవై అడుగుల చింతమాను చివర పూజారి గారు కూర్చుని కోట దాకా మూడుసార్లు వెళ్లి రావాలి. "ఈ మంగళవారం కుదిరేలా లేదండీ, వచ్చే వారం చూద్దాం" అనే మాట విజయనగరంలో పుట్టదు. కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం పట్టుకొచ్చారు. ఈ రెండు పేర్లు చెప్పుకుని మిగతా అందరం ఇంకో వందేళ్లు మెట్లెక్కకుండా బతికేయొచ్చు. ఆ పని ఇప్పటికే మొదలైంది కూడా.

అసలైన రుజువు కార్తీకంలో కనబడుతుంది. రాయితీ ఇస్తున్నాడు గదా అని జిమ్ముకి ఏడాది డబ్బు ఒకేసారి కట్టేసి ఆరు రోజులు వెళ్లొచ్చిన మనిషే, అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు తెల్లారకుండా లేచి చన్నీళ్లు పోసుకుంటాడు. నేల మీద పడుకుంటాడు. సిగరెట్టు లేదు, మందు లేదు, నీసు లేదు, కాళ్లకి చెప్పుల్లేవు. రాత్రికి పలారంతో సరి. ఉప్పు తగ్గించమని డాక్టరు పదేళ్లుగా మొత్తుకుంటే వినిపించుకోని చెవులు గురుస్వామి ఒక్క దగ్గు దగ్గితే నిక్కపొడుచుకుంటాయి. అదే ఒళ్లు, అదే బుద్ధి, అదే వీధి. మరి తేడా ఎక్కడొచ్చింది? తెలియాలంటే మాలని భాగాలుగా విప్పి చూడాలి. స్వాములు మన్నించాలి.

ముందుగా, అది పదిమందికీ కనబడుతుంది. నల్లబట్టలు కట్టినవాడు వైన్ షాపు వైపు రెండడుగులు వేస్తే చాలు, "ఏటి సామీ, ఇటొచ్చీసేరేటి?" అని ఎవడో ఒకడు అడుగుతాడు. పిలుపు కూడా మారుతుంది. నిన్నటి దాకా "ఒరేయ్" అన్న బావమరిది ఇవాళ "స్వామీ" అంటాడు. ఆ మర్యాద మరో నెల దక్కుతుందంటే మానవమాత్రుడెవడైనా చన్నీళ్లకి సిద్ధపడతాడు. నియమాల్లో సాగదీతకి చోటు లేదు. "మందు కాస్త తగ్గించవలెను" అని ఎక్కడా ఉండదు, మానాలంటే మానడమే. పైగా ఇరుముడి కట్టే రోజు, రైలు టికెట్టు, తోడు వచ్చే స్వాములు, అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. దీని పక్కన జనవరి తీర్మానాన్ని నిలబెట్టి చూడండి: "కొంచెం ఒళ్లు తగ్గాలి." ఎంత? ఎప్పటికి? అడిగేదెవరు? ఎవరితోనూ చెప్పలేదు గనక తప్పినా ఎవరికీ తెలీదు. ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు మనిషి ఇంతవరకూ కనిపెట్టలేదు.

మాలకి ఉన్న లోపం ఒక్కటే, 42వ రోజు. ఆ రోజుకి నియమం లేదు. అందుకే కొందరు మాల తీసిన సాయంత్రమే 41 రోజుల బాకీ వడ్డీతో తీర్చుకుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ఒక అధ్యయనం అచ్చువేశారు. కొత్త అలవాటు తనంతట తాను సాగే స్థితికి రావడానికి వాళ్ల లెక్కలో 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మన మండల దీక్ష 41 రోజులు. అంటే పాతిక రోజులు లోటు. మధ్యలో ఒక్క రోజు తప్పితే కొంప మునగదని కూడా వాళ్లు చెప్పారు. ఇది మాత్రం మన శాస్త్రానికి పొసగదు. ఒక్క రోజు తప్పితే వ్రతభంగం, వ్రతమే భంగమయ్యాక ఇంక మొహమాటం దేనికి, రెండో ప్లేటు తెమ్మనడమే మన పద్ధతి.

ఇవన్నీ ఆలోచించి వాకింగ్ దీక్షకి ఒక నియమావళి ముసాయిదా తయారైంది. మాల రంగు ఆకుపచ్చ. పిలుపు "నడక స్వామీ". పాదరక్షలు తప్పనిసరి, మడమ దగ్గర ఒక పక్కకి అరిగిపోయిన చెప్పులతో వస్తే గురుస్వామి వెనక్కి పంపేస్తారు. మొదటి వారం రోజుకి 15 నిమిషాలు, ఆపైన వారానికి 5 చొప్పున పెంచుకుంటూ ఆరో వారానికి 40. మొదటి రోజే ఏడు కిలోమీటర్లు నడిచి, మూడోనాటికి పిక్కలు పట్టేసి, నాలుగోనాడు "నాకు నడక పడదు" అని తేల్చేసే సనాతన సంప్రదాయం ఇందుమూలంగా రద్దు. పదివేల అడుగుల మొక్కు కూడా రద్దు. అది ఏ రుషీ చెప్పింది కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రానికి పెట్టిన పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి శ్రమ, రెండు రోజులు కండలకి పని చాలంటోంది. రెండోదానికి జిమ్మే అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, అలా మూడు విడతలు, ఆదివారం ఒకసారి, లక్ష్మివారం ఒకసారి.

వేగం దగ్గరే చిక్కొచ్చి పడింది. నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అదీ కొలత. విజయనగరం అయోధ్య మైదానంలోనైనా, శ్రీకాకుళంలో రామ్మూర్తి గారి పేరున్న స్టేడియంలోనైనా నలుగురు స్నేహితులు కలిసి నడిచే వేగంలో పాట ఏం ఖర్మ, హరికథే చెప్పేయొచ్చు. మొదటి చుట్టులో రాష్ట్ర రాజకీయం, రెండో చుట్టులో స్థలాల రేట్లు, మూడో చుట్టు టీ కొట్టు దగ్గర. డెబ్భై కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే సుమారు 50 కేలరీలు ఖర్చవుతాయి. రెండు మిరపకాయ బజ్జీలు ఆ మూడు చుట్లనీ తిరిగి ఇచ్చేసి పైన కొసరు కూడా వేస్తాయి. అందుచేత దీక్షాకాలంలో నడక ముగిసే చోటికి, నూనె మూకుడికి మధ్య అర కిలోమీటరు ఎడం ఉండాలి. బండ్లవాళ్ల పొట్ట కొట్టడం మన ఉద్దేశం కాదు. దీక్ష ముగిసిన మర్నాడు వాళ్లకి ఎలాగూ కలిసొస్తుంది.

డబ్బు విషయంలో మన జనానికి మాల అక్కర్లేదు, చీటీ ఉంది. ఇరవై మంది, నెలకి 5 వేలు, లక్ష రూపాయల చీటీ. మొదటి నెల అవసరం ఉన్నవాడు పాతిక వేలు వదులుకుని పాడాడనుకోండి: అతనికి 75 వేలు, నడిపేవాడి కమీషన్ 5 వేలు, మిగిలిన 20 వేలు ఇరవై మందికి తలో వెయ్యి. ఆ నెల ఎవరైనా కట్టేది 4 వేలే. లెక్క ఇంత సొగసుగా ఉన్నా దాని బలం అంకెల్లో లేదు. ఐదో తారీకు పొద్దున్న చీటీ మామ్మ వచ్చి అరుగు మీద కూర్చుని, "ఏటి బావూ, మరిసిపోయినావేటి?" అని పక్కింటికి వినపడేలా అడుగుతుంది. అక్కడుంది కిటుకు. డ్వాక్రా సంఘంలో కూడా ఇదే మంత్రం: పది మంది ఆడవాళ్లు చుట్టూ కూర్చుని పుస్తకంలో సంతకం పెట్టిస్తుంటే వాయిదా ఎగ్గొట్టేంత గుండెధైర్యం రామ్మూర్తి గారికైనా ఉండేది కాదేమో. అదే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా డబ్బు పడేలా ఫోన్‌లో పెట్టుకున్న సిప్‌ని చూడండి. ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు చప్పుడు చెయ్యకుండా జరిమానా కోసుకుంటుంది, నెలవారీ వాయిదా వరసగా మూడుసార్లు తప్పితే సిప్పే రద్దయిపోతుంది. అరుపు లేదు, పరువు పోలేదు, డబ్బు మాత్రం చేరలేదు. అలాగని రిజిస్టర్ కాని చీటీలో ఇల్లు తాకట్టు పెట్టి దిగమని కాదు. పాట పాడినవాడు రాత్రికి రాత్రి ఊరు దాటితే మామ్మ ఏ అరుగు మీద కూర్చోవాలి?

మధ్యేమార్గం పోస్టాఫీసు ఆర్డీ. నెలకి వంద నుంచి మొదలు, 60 వాయిదాలు. 6.7 శాతం వడ్డీ లెక్కన నెలకి వెయ్యి వేస్తే అయిదేళ్లకి 71 వేల పైచిలుకు. తప్పితే వందకి రూపాయి జరిమానా. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా కట్టుకుంటే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. నెల పదిహేను లోగా తెరిచిన ఖాతాకి ప్రతి నెలా పదిహేనే గడువు, కాబట్టి జీతం పడిన రెండోనాడే కట్టేయాలి. పద్నాలుగు దాకా దాచిన వెయ్యిని పదిహేనున చూసినవాడు లేడు. ఒక్క రూపాయి జరిమానాకి ఈ జిల్లాలో ఎవరూ భయపడరు గనక, తపాలా శాఖ వారు వాయిదా తప్పినవాళ్ల ఇంటికి ఒక మామ్మని పంపే ఏర్పాటు చెయ్యాలని మనవి.

భక్తి లక్ష్యాలు మాత్రం లెక్కకి నిలబడవు. రామకోటి పుస్తకం కొనేముందు కాగితం మీద ఒక భాగహారం చేసుకుంటే బాగుండేది. రోజుకి 108 చొప్పున రాస్తే కోటి పూర్తవడానికి 253 ఏళ్లు. రోజుకి వెయ్యి రాస్తే పదివేల రోజులు, అంటే 27 ఏళ్ల పైన. నామానికి మూడు సెకన్లు వేసుకున్నా రోజూ 50 నిమిషాల పని. చర్చికి వెళ్లేవాళ్ల తీర్మానానికి కూడా ఇదే గతి. బైబిల్లో 1,189 అధ్యాయాలు, ఏడాదిలో చదవాలంటే రోజుకి మూడుంపావు. ఆదికాండము 50, నిర్గమకాండము 40, కథలు గనక పరుగెడతాయి. జనవరి 28 దాటేసరికి లేవీయకాండము ఎదురవుతుంది. బలుల విధులు, పొట్టేలు కొవ్వు, కుష్ఠు లక్షణాలు. పుస్తకం అక్కడే గుర్తు పెట్టుకుని పడుకుంటుంది, మళ్లీ జనవరి ఒకటిన ఆదికాండము నుంచి. ఎన్నాళ్లు మానేసినా రాముడూ అడగడు, ఏసయ్యా అడగడు. పైనుంచి చూసేవాడికి మనం ఎన్నడూ భయపడలేదు. పక్కింటి కిటికీలోంచి చూసేవాడికే భయపడతాం.

దేవుడిని కూడా మనం ఎక్కువగా హామీదారుగానే వాడుకుంటున్నాం. అరసవల్లిలో సూర్యనమస్కారాలకి టికెట్టు తీసుకుంటే గోత్రనామాలు మనవి, నమస్కారాలు అర్చకస్వాములవి. పూజగా అది సవ్యమే. ఆ టికెట్టు జేబులో పెట్టుకుని "ఈ వారం వ్యాయామం అయిపోయింది" అనుకోవడమే కొంచెం తొందరపాటు. ఇంతకన్నా గట్టి మొక్కు ఒకటుంది: "షుగర్ తగ్గితే నీ గుడికి నడిచొస్తాను స్వామీ." గుడి శ్రీకాకుళం ఊరిని ఆనుకునే ఉంది. రోజూ నడిచెళ్తే షుగర్ తనే దారికొచ్చేది. ఆ నడకేమో షుగర్ తగ్గేదాకా వాయిదా. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష ఒకటొచ్చి ఇలాంటివాళ్ల నోట్లో మన్ను కొట్టింది. ముందు మూడు రోజులు చోడంబలి తాగి వెళ్తే అది నమ్మదు.

దీక్ష ఎప్పుడు మొదలెట్టాలన్న దానికి రథసప్తమే తగిన రోజు. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, అప్పటికి అరిసెల డబ్బా ఖాళీ, పొద్దున్న ఇంకా చలి. 41 రోజులు గడిచేసరికి ఎండలు ముదరవు. ఆ లోటు పాతిక రోజులకీ మాల తీసి మణికట్టుకి ఆకుపచ్చ దారం కట్టుకోవాలి, అడిగేవాడికి అదే గుర్తు. గురుస్వామిగా భార్యకి భర్త, భర్తకి భార్య పనికిరారు. పది రోజుల్లో దీక్ష పోయి తగువు మిగులుతుంది. ఎదురింటి రిటైర్డు మాస్టారు శ్రేష్ఠం. మరి ఆ సమయానికి మూఢం వస్తే ఎలాగని ఇప్పటికే కొందరు ఆశగా అడుగుతున్నారు. మూఢంలో పెళ్లి చెయ్యకూడదన్నారు, గృహప్రవేశం కూడదన్నారు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లకూడదని మాత్రం ఏ పంచాంగంలోనూ లేదు.