రాజీ కాగితానికి విలువెంత?

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పల్లెల్లో మొగుడూపెళ్లాల గొడవ గడప దాటితే ముందు చేరేది పెద్దమనుషుల దగ్గరికే. పోలీస్ స్టేషన్ ఆ తర్వాతి మాట. రెండువైపులా డిపాజిట్ కట్టిస్తారు. మాట తప్పినవాళ్ల పైసలు పోతాయి. చివరికి బాండ్ పేపర్ మీద 'ఇకమీదట తాగి రాను, కొట్టను, మంచిగ చూసుకుంట' అని రాయించి అతనితో సంతకం, ఆమెతో వేలిముద్ర పెట్టిస్తారు. కింద నలుగురు సాక్షులు. ఆ కాగితం చాలాసార్లు పెద్దమనిషి బీరువాలోనే ఉండిపోతుంది. మళ్లీ దెబ్బలు తిని పుట్టింటికి చేరిన రోజు ఆమె చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు.

పంచాయతీని ఊరికే తీసిపారేయలేం. కోర్టు అంటే వాయిదాలు, తిరుగుడు, పోయిన కూలి. పంచాయతీ ఒక్క పూటలో తెగుతుంది. కానీ అక్కడ తేల్చేది కాపురం నిలబడుతుందా లేదా అన్నదే. ఒంటి మీది దెబ్బ లెక్కలోకి రాదు. 'జర సర్దుకో బిడ్డా, పిల్లల మొఖం చూడు' అన్నాక ఇక ఆమె నోరెత్తలేదు. స్టేషన్లో కౌన్సెలింగ్ పేరుతో జరిగేది కూడా తరచూ ఇదే పంచాయతీ. కాకుంటే అక్కడ ఖాకీ బట్టలుంటాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింసను చూసినవాళ్లే. దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింసకు గురైనవాళ్లలో ఎవరినైనా సాయం అడిగింది 14 శాతమే. మిగతావాళ్లు ఎందుకు అడగలేదంటే, 'కేసు పెడితే మొగుడు జైలుకు పోతడు, ఇల్లు ఆగమైతది' అన్న భయం మన దగ్గర పెద్ద కారణం.

ఆ భయానికి జవాబు 2005 నాటి గృహహింస చట్టంలోనే ఉంది. దాని కింద మొదట అడిగేది భర్తకు శిక్ష కాదు. తనను కొట్టొద్దని, ఇంట్లోంచి గెంటొద్దని, ఖర్చులకు డబ్బు ఇవ్వాలని మేజిస్ట్రేట్ ఉత్తర్వు అడగడం. కొట్టొద్దన్న రక్షణ ఉత్తర్వును మీరితే అప్పుడు ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో కోడలికి ఉండే హక్కు ఉండొచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. విడాకులతో పనిలేదు.

దీనికంతటికీ మొదటి మెట్టు గృహ ఘటన నివేదిక. ఎప్పుడు కొట్టాడు, దేనితో కొట్టాడు, నగలు ఎవరి దగ్గరున్నాయి, పిల్లలెక్కడున్నారు, ఇవన్నీ అడిగి, ఈ చట్టం కింద సర్కారు పెట్టిన రక్షణాధికారి నింపే ఫారం ఇది. పక్కింటామె సమాచారమిచ్చినా కదలాల్సిందే. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి లేదు. ఆ నివేదిక నకలు, దవాఖానలో దెబ్బలు రాసిన చీటీ ఆమె దగ్గరే ఉండాలి. బాండ్ పేపర్‌కు లేని బలం వీటికుంది. వకీలుకు పైసల్లేవన్న బెంగ కూడా అక్కర్లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 చట్టం చెబుతోంది. ఫోన్ నంబర్ 15100.

వలస జిల్లాలకు మరీ ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ముంబైలోనో పుణెలోనో మేస్త్రీ కింద పనిచేసే చోట తన్నులు తిన్న మనిషి మళ్లీ అక్కడికే పోయి ఫిర్యాదు చేయాలేమో అనుకుంటుంది. అవసరం లేదు. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న ఊరి మేజిస్ట్రేట్‌కూ ఈ అర్జీ పెట్టుకోవచ్చు. వేధింపుల క్రిమినల్ కేసు కూడా పుట్టింటి దగ్గర పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. దేవరకొండ తండాకో, అచ్చంపేట పక్క పల్లెకో తిరిగొచ్చినామెకు ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లుండాలి.

జిల్లా కేంద్రాల్లో సఖి కేంద్రాలున్నాయి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. మొగుడి ఫోన్ నుంచే చేయాల్సి వస్తే కాల్ వివరం చెరిపేయడం మరవొద్దు. సఖిలో వైద్యం, వకీలు, పోలీస్ సాయం ఒక్కచోటే దొరుకుతాయి, కానీ బస తాత్కాలికం, మామూలుగా ఐదు రోజులు. ఎదిగిన కొడుకును తల్లితోపాటు ఉంచనివ్వరు. వాణ్ని తాగుబోతు తండ్రి దగ్గర వదిలి ఏ తల్లి ఉంటుంది? ఆ రాత్రే వెనక్కి పోతుంది. అలా పోయినామెను 'రాజీపడింది' అని రాసుకుంటే అంతకన్నా అన్యాయం లేదు.

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే కనుక నల్లగొండకో పాలమూరుకో పోవడానికి చార్జీ అడ్డం కాదు. అడ్డమంతా పొద్దు పోవడం, ఆధార్ కార్డు మొగుడి జేబులో ఉండటం, 'ఎక్కడికి పోయినవ్' అన్న ఆరా. అందుకే సాయం మండలానికి రావాలి. తాలూకా స్థాయిలోనూ రక్షణాధికారులను నియమించాలని సుప్రీంకోర్టు 2025 మేలో రాష్ట్రాలను ఆదేశించింది. మండలంలో ఆ మనిషి కూర్చోవడానికి మహిళా సమాఖ్య కార్యాలయం కంటే మంచి చోటు నాకు కనిపించదు. పొదుపు కిస్తీ కట్టడానికి పోయే ఆడదాన్ని ఎందుకు పోయినవని ఎవరూ అడగరు.

ఇన్ని జంటలను కలిపి పంపామని అధికారులు ప్రెస్ నోట్లలో చెప్పుకుంటూనే ఉంటారు. జిల్లా సమీక్ష సమావేశాల్లో ప్రజాప్రతినిధులు ఆ అంకె పక్కన ఇంకో రెండు అడగాలి: ఎన్ని గృహ ఘటన నివేదికలు కోర్టుకు చేరాయి, కలిపి పంపినవాళ్లలో ఎంతమంది ఏడాది తిరక్కుండానే దెబ్బలతో మళ్లీ వచ్చారు?