నెఫ్ట్ ఫారం గారికి ఒక రాతగాడి లేఖ

మహారాజశ్రీ నెఫ్ట్ ఫారం గారికి,

ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే కాగితమైన మీకు, హన్మకొండ నుంచి మీ ఆస్థాన రాతగాడి నమస్కారాలు. ఈ కొలువుకు జీతం లేదు, కుర్చీ లేదు. అమ్మ పింఛను పనిమీద బ్యాంకుకొచ్చినప్పుడు చొక్కా జేబులో పెన్ను ఉన్న పాపానికి దొరికింది.

మొన్న ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకున్న పెద్దాయన ఒకరు వచ్చారు. హైదరాబాద్‌లో చదివే కొడుక్కి ఫీజు పంపాలి. "సారూ, జర గిది రాసియ్యరాదుండ్రి" అన్నారు. బస్తాలో చెయ్యి పెట్టి కాయలో తేమెంతో చెప్పే మనిషి, మిమ్మల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి నా చేతిలో పెట్టేశారు. తెలుగు ఉంది లెండి, చీమలబారులా ఓ మూలన.

ఖాతా నెంబరుకు ముచ్చటగా గడులు గీశారు. ఐఎఫ్ఎస్సీ కోడుకు మాత్రం ఉత్త గీత. ఆ కోడులో అక్షరాలూ అంకెలూ కలిపి ఉండేవి 11. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, చివరి ఆరు బ్రాంచివి, ఐదో స్థానంలో ఏ బ్యాంకుకైనా సున్నే. దాని వెనకే తరచుగా ఇంకో రెండు మూడు సున్నలు. నేను ఒకటి మింగేశాను. అరగంట లైన్లో నిలబడ్డాక కౌంటర్లో మేడం ఫారం వెనక్కి తోశారు. కొత్త ఫారం, మళ్ళీ లైను. 11 గడులు గీసి ఐదోదాంట్లో ముందే సున్న అచ్చేస్తే మీ సొమ్మేం పోయేది? మేడం మీద విసుక్కున్నవాళ్ళే గాని, మిమ్మల్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు!

ఇక 'లబ్ధిదారు పేరు' అనే మీ అలంకారం. పొట్టి అక్షరాల్లో పొందిగ్గా రాశాను. తీరా డబ్బు జమయ్యేది నెంబరును బట్టేనట. లేని నెంబరైతే తిరిగొస్తుంది, ఇంకొకరిదైతే వాళ్ళ ఇంటికి లక్ష్మి నడిచొచ్చినట్టే. అందుకే 2025 ఏప్రిల్ నుంచి పంపేముందు అసలు ఖాతాదారు పేరు చూపించాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, బ్రాంచికి వచ్చేవాళ్ళకు కూడా. మీరింకా మా చేతిరాతనే నమ్ముకున్నారు.

ఏటీఎంను చూసైనా నేర్చుకోండి. ఒకప్పుడు అది ముందు డబ్బిచ్చేది, జనం నోట్లు లెక్కపెట్టుకుంటూ కార్డు వదిలేసి పోయేవాళ్ళు. జనానికి మతిమరుపని తిట్టకుండా చాలా మిషన్లలో వరస మార్చారు: కార్డు తీసుకుంటేనే డబ్బు. డిజైన్ అంటే అదీ. యాప్‌కు రంగులు మార్చడం కాదు.

2019 డిసెంబర్ నుంచి నెఫ్ట్ రాత్రింబవళ్ళు, అరగంటకో విడత నడుస్తోంది. మిమ్మల్ని నింపేసరికే మాకు లంచ్ టైమైంది. కౌంటర్ మూసేలోగా పెద్దాయన పని ఎలాగో అయింది. పోతూ పోతూ గుప్పెడు ఎండుమిర్చి కాగితంలో చుట్టి ఇచ్చారు. ఆ కాగితం, తప్పు రాసిన మొదటి ఫారమే. మీరు పనికొచ్చిన సందర్భం కనుక రాయకుండా ఉండలేకపోయాను.

ఇట్లు,
మీ రాతగాడు
(రెండు చోట్ల సంతకం చేశాను. మూడోది ఎక్కడో చూపిస్తే అదీ చేస్తాను.)