గది నింపేది పార్కు, గదిని చూసేదెవరు?

వేసవి సెలవులు వస్తే తిరుపతి, చిత్తూరు కుటుంబాలు పిల్లలను తీసుకుని చెన్నై తూర్పు తీర రహదారిలోని వినోద పార్కుకో, బెంగళూరు దాటి మైసూరు రోడ్డులోని వినోద పార్కుకో బయలుదేరుతాయి; నాలుగు రోజులు తీరిక ఉన్నవాళ్లు హైదరాబాదు శివార్లలోని రామోజీ ఫిలింసిటీ దాకా వెళ్తారు. ఒకప్పుడు ఇవన్నీ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణాలు, లేదంటే ఊళ్లో బంధువుల ఇంట్లో పడుకుని వచ్చే ప్రయాణాలు. ఇప్పుడు పార్కు ఆవరణలోనో, ప్రహరీకి ఆనుకునో ఉన్న రిసార్టులో ఒక రాత్రి గడపడం ప్యాకేజీలో భాగమైపోయింది. తిరిగి వచ్చినవాళ్లను అడిగి చూడండి, రైడ్ల గురించి మంచిగానే చెబుతారు. గది మాట వచ్చేసరికి గొంతు మారుతుంది: అంత రేటు తీసుకున్నారు గానీ, అని మొదలుపెడతారు.

ఈ అసంతృప్తికి యాజమాన్యాల పిసినారితనమొక్కటే కారణమని తేల్చేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. మామూలు హోటల్ తన గదిని చూపించి అతిథిని రప్పించుకోవాలి, బాగా చూసుకుని మళ్లీ రప్పించుకోవాలి. పార్కు హోటల్‌కు ఆ అవసరం లేదు. గుడి ముందు కొబ్బరికాయల అంగడివాడు కాయను మోగించి చూపించనక్కర్లేదు. కొనేవాడు వచ్చింది దేవుడి కోసం. గదిని అమ్మిపెట్టే భారం గది మీద లేనప్పుడు ఆ గది నాణ్యత మెల్లగా జారడం మొదలవుతుంది, అదీ ముందుగా ఫొటోల్లో కనిపించని చోట.

ఈ వ్యాపారానికి ఒరవడి పెట్టిన అమెరికాలోనే దీన్ని స్పష్టంగా చూడవచ్చు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు పక్కన హోటల్ కట్టేంత డబ్బు వాల్ట్ డిస్నీ దగ్గర లేకపోవడంతో, ఆ పనిని జాక్ రాథర్ అనే టెలివిజన్ నిర్మాత తీసుకున్నారు. ఆ హోటల్ డిస్నీ కంపెనీ చేతికి రావడానికి 1988 దాకా పట్టింది. ఫ్లోరిడాలో ఆ పొరపాటు జరగనివ్వలేదు. 1971 అక్టోబరు 1న వాల్ట్ డిస్నీ వరల్డ్ తలుపులు తెరిచినప్పుడే కంటెంపరరీ, పాలినేషియన్ అనే రెండు హోటళ్లు సిద్ధంగా ఉన్నాయి. మోనోరైలు ఒక హోటల్ కడుపులోంచే దూసుకుపోతుంది. ఆవరణలో బస చేసేవాళ్లకు బయటివాళ్లకు లేని సౌకర్యాలు ఒక్కొక్కటిగా చేరాయి: 2005 నుంచి విమానాశ్రయం దగ్గర ఎక్కించుకుని హోటల్ వాకిట దించే ఉచిత బస్సు, మామూలు వేళలకు ముందో తర్వాతో పార్కులో అదనపు గంటలు, గది తాళంగానూ పార్కు టికెట్‌గానూ పనిచేసే మ్యాజిక్‌బ్యాండ్ అనే చేతి పట్టీ ఉచితంగా. గది ఖరీదు ఎక్కువే అయినా ఇవన్నీ కలుపుకుంటే గిట్టుబాటే అనిపించేది.

తర్వాత అవి అంతే ఓపికగా ఒక్కొక్కటే తగ్గాయి. 2018 మార్చిలో హోటల్ అతిథుల కార్లకే రాత్రి పార్కింగ్ రుసుము పెట్టారు. 2021 నుంచి మ్యాజిక్‌బ్యాండ్ ఉచితం కాకుండా పోయింది. అదే ఏడాది అక్టోబరులో అదనపు గంటలు పోయి, అరగంట ముందు లోపలికి వెళ్లనిచ్చే ఏర్పాటు వచ్చింది. రైడ్ల దగ్గర పొడవాటి వరస తప్పించే ఫాస్ట్‌పాస్ 1999 నుంచి ఉచితంగా ఉండేది, దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. 2022 జనవరిలో విమానాశ్రయం బస్సు ఆగిపోయింది. కోవిడ్ తర్వాత గదులు ఊడ్చి తుడిచే పని కూడా చాలాచోట్ల రోజు విడిచి రోజుకు మారింది. పార్కింగ్ రుసుమును మాత్రం 2023 జనవరిలో ఎత్తేశారు. గోల తగినంత పెద్దదైతే యాజమాన్యానికి వినిపిస్తుందని దీన్నిబట్టి అనుకోవాలి. మిగిలినవాటి మీద అంత గోల జరగలేదు కాబోలు.

ఇదే ఆవరణలో ఇంకొక ఉదాహరణ నాకు ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. గెలాక్టిక్ స్టార్‌క్రూయిజర్ అనే హోటల్‌ను 2022 మార్చి 1న తెరిచి 2023 సెప్టెంబరు చివర్లో మూసేశారు. రెండు రాత్రులకు ఇద్దరికి సుమారు 4,800 డాలర్ల నుంచి మొదలయ్యేది. అక్కడి బసే ఒక నాటకం, అతిథులు అందులో పాత్రలు. అంటే పార్కును చూపించి కాక, తనను తాను చూపించుకుని గదులు నింపుకోవలసిన హోటల్ అది, మూతపడిందీ అదే. పార్కు నింపిపెట్టే హోటళ్లు, సౌకర్యాలు ఎంత తగ్గినా నిక్షేపంగా నడుస్తున్నాయి. ఈ లెక్క చూసిన ఏ మేనేజరైనా గది మీద ఇంకా ఖర్చు పెడదామని బోర్డుకు నచ్చజెప్పగలడా?

మన దగ్గర సమస్య ఇంకా ప్రాథమికమైనది: నీళ్లు, గుడ్డలు, మనుషులు. ఈమధ్య నేను ఉన్న ఒక పార్కు రిసార్టులో మంచం వెనుక గోడ నిండా జిరాఫీ బొమ్మ, పైకప్పుకు చుక్కల దీపాలు. పిల్లలు చూసి గంతులేశారు. బాత్రూములో షవర్ చిల్లులు సగానికి పైగా ఉప్పు పేరుకుని మూసుకుపోవడంతో నీళ్లు కిందికి పడకుండా పక్క గోడకు చిమ్ముతున్నాయి. మన సీమ బోరునీళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది వింత కాదు; వారానికోసారి విప్పి వెనిగర్‌లో నానబెడితే పోయే ఉప్పు అది. తువ్వాళ్లు మడత పెట్టి ఉన్నాయి గానీ అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే, "పార్కు మూసే టైం సార్, మనుషులందరూ అక్కడే ఉన్నారు" అని జవాబు. అబద్ధం చెప్పలేదా అమ్మాయి. రద్దీ రోజున రిసార్టు సిబ్బందిని పార్కుకు పంపుతారు గానీ, పార్కు సిబ్బంది గదులు సర్దడానికి రారు.

ఆ తడి తువ్వాలు వెనుక ఒక లెక్క ఉంది. హోటల్ నడిపేవాళ్లు ప్రతి మంచానికి కనీసం మూడు జతల దుప్పట్లు, తువ్వాళ్లు ఉండాలంటారు: ఒకటి వాడకంలో, ఒకటి ఉతుకులో, ఒకటి స్టోరులో. దాన్ని రెండుకు దించితే కొనుగోలు ఖర్చు మూడోవంతు తగ్గుతుంది, మామూలు రోజుల్లో ఎవరికీ తేడా తెలియదు. దసరా సెలవుల్లోనో మే నెలలోనో అన్ని గదులూ వరసగా నిండినప్పుడు మాత్రం ఉతికిన గుడ్డ ఆరకముందే పరుపెక్కుతుంది. మరమ్మతులకూ ఇదే గతి పడుతుంది. సీజన్లో ఒక్క గదినీ ఆపి సున్నం వేయించడానికి మనసొప్పదు, సీజన్ అయిపోయాక డబ్బు లేదంటారు. మంచి యాజమాన్య ఒప్పందాల్లో ఆదాయంలో నాలుగు శాతం దాకా పరుపులు, ఫర్నిచర్ మార్చడానికి పక్కన పెట్టాలన్న షరతు ఉంటుంది. సొంతంగా నడుపుకునే రిసార్టులో ఆ సొమ్ము కొత్త రైడ్ వైపు వెళ్లడం తేలిక, ఎందుకంటే హోర్డింగు మీద వేసుకోగలిగేది రైడ్ బొమ్మనే.

వేళల సంగతి కూడా చెప్పుకోవాలి. మధ్యాహ్నం రెండు గంటలకు గది ఇచ్చి మర్నాడు పదకొండుకు ఖాళీ చేయిస్తే అది ఇరవై ఒక్క గంటల బస. తెల్లవారుజామున తిరుపతిలో బయలుదేరిన కుటుంబం పార్కు తెరిచే వేళకు చేరుకుని, గది చేతికి రాక, సామాను కౌంటర్లో పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కునే దారి లేక రైడ్ల వరసలో నిలబడుతుంది. కొండ కింద చాలా లాడ్జీల్లో ఎప్పుడు దిగితే అప్పటి నుంచి ఇరవై నాలుగు గంటలు. ఇందులో లాడ్జీలే నయం.

యాజమాన్యాల వాదనలో నిజం లేకపోలేదు. కోవిడ్‌లో వదిలివెళ్లిన పనివాళ్లు చాలామంది తిరిగి రాలేదు, వచ్చినవాళ్లు జీతం చాలక ఎక్కువ కాలం నిలవడం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినా, కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తిరిగి సర్దుకునే వీలు పోయింది. కొత్త దుప్పటి మీది పన్ను ఇప్పుడు నేరుగా హోటల్ ఖర్చులోకే వస్తుంది. పార్కు టికెట్ల మీద మాత్రం 2018 జనవరిలోనే 28 నుంచి 18 శాతానికి పన్ను తగ్గింది. ఆ వెసులుబాటులో గదులకు చేరిందెంతో వాళ్లే చెప్పాలి.

తిరుపతివాళ్లకు ఈ వ్యవహారం కొత్తగా అనిపించదు. వివిధ రాష్ట్రాల పర్యాటక సంస్థలకు ఇస్తూ వచ్చిన దర్శనం టికెట్ల కోటాను 2024 నవంబరులో టీటీడీ పాలకమండలి రద్దు చేసింది. అంతకుముందు ప్యాకేజీలో వచ్చే యాత్రికుడు బస్సు ఎలా ఉన్నా, హోటల్ ఎలా ఉన్నా సర్దుకునేవాడు. టికెట్ చేతిలో ఉందన్నదే అతని ధైర్యం. కోటా పోయాక ఆ ప్యాకేజీలు వసతిని, ప్రయాణాన్ని చూపించే అమ్ముకోవాలి. రద్దు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నాణ్యత మాటకొస్తే, టికెట్‌కూ గదికీ వేసిన ముడి విప్పితేనే గది అసలు విలువ బయటపడుతుందని మాత్రం ఒప్పుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వం 2024–29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. రాయితీలను పెట్టుబడినీ గదుల సంఖ్యనూ చూసి ఇచ్చేస్తే, కట్టిన మూడో ఏట ఆ గదులు ఎలా ఉన్నాయో అడిగేవాళ్లుండరు. కేంద్ర పర్యాటక శాఖ నక్షత్రాల వర్గీకరణ స్వచ్ఛందమే, పైగా ఒకసారి వస్తే ఐదేళ్లు చెల్లుతుంది. రాయితీలో కొంత భాగాన్ని ఆపి, చెప్పకుండా చేసే తనిఖీలో నెగ్గాకే విడుదల చేస్తే దుప్పట్ల మూడో జత దానంతటదే వస్తుంది.

అతిథి చేతిలోనూ ఒక ఆయుధం ఉంది, వాడేవాళ్లే తక్కువ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రిసార్టు బెంగళూరులో ఉన్నా, చెన్నైలో ఉన్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. అంతకన్నా ముందు 1915 హెల్ప్‌లైనుకు చెప్పుకోవచ్చు. చిక్కల్లా బిల్లు దగ్గరే వస్తుంది. ప్యాకేజీ బిల్లులో చాలాచోట్ల ఒకే మొత్తం ఉంటుంది. పార్కుకు ఎంత, గదికి ఎంత, భోజనానికి ఎంత అని విడివిడిగా రాసివ్వమని బుకింగ్ రోజునే అడిగి, గదిలో అడుగుపెట్టగానే ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఆ వివరం లేని బిల్లు పట్టుకుని కమిషన్ మెట్లెక్కితే, రైడ్లన్నీ ఎక్కారు కదా సార్, ఇంక నష్టమేముందని అవతలి లాయరు అడుగుతాడు.